ఫ్రెంచా, లాటినా: మా ఇంట్లో నలభై రోజుల పంచాయితీ

సెకండ్ లాంగ్వేజ్ అనగానే మన దగ్గర చదువుకున్నవాళ్ళకి గుర్తొచ్చేది ఒకటే. ఇంటర్లో తెలుగా, సంస్కృతమా? నేను సంస్కృతం తీసుకున్నాను. తీసుకున్నాను అనడం కూడా తప్పే. చేరిన రోజు కాలేజీ ఆఫీసులో గుమస్తా మా అప్లికేషన్ల మీద తనే వరసగా సంస్కృతం అని రాసుకుంటూ పోయాడు. తెలుగులో ఎంత రాసినా ఎనభై దాటవు, సంస్కృతంలో తొంభై ఐదు ఖాయం అని అందరికీ తెలిసిన లెక్క. మా నాన్నగారు హైస్కూల్లో తెలుగు మాస్టారు. ఆ కాగితం చూసి ఒక్క మాట అనలేదు. కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు. నాకు ఫస్టియర్లో 97 వచ్చాయి. జవాబులు చాలావరకు ఇంగ్లీషులోనే రాసే వీలుండేది కాబట్టి, ఆ 97లో నాకు వచ్చిన సంస్కృతం రామశబ్దం, నాలుగు సుభాషితాలు, అంతే.

ఇరవై ఏళ్ళ తర్వాత అదే కాగితం మా డైనింగ్ టేబుల్ మీదికి వచ్చింది. ఊరే వేరు. మేముండేది జర్మనీలో బవేరియా రాష్ట్రం, రేగెన్స్‌బుర్గ్ అనే ఊళ్ళో. మా అమ్మాయి అప్పుడు గిమ్నాజియుమ్‌లో ఐదో తరగతి. యూనివర్సిటీ చదువుకి తీసుకెళ్ళే హైస్కూలు అది. ఇక్కడ నాలుగో తరగతి మార్కులతోనే పిల్లలు ఏ రకం స్కూలుకి వెళ్ళాలో దాదాపు తేలిపోతుంది. జర్మన్, లెక్కలు, పరిసరాల పాఠం కలిపి సగటు 2.33 గానీ అంతకన్నా మెరుగ్గా గానీ ఉంటే గిమ్నాజియుమ్‌కి నేరుగా దారి. ఇక్కడ 1 అంటే అన్నిటికన్నా మంచి గ్రేడు, 6 అంటే ఘోరం. ఈ లెక్క నా తలకెక్కడానికి రెండేళ్ళు పట్టింది. మొదటిసారి పిల్ల 1 తెచ్చినప్పుడు నేను కంగారు పడ్డాను.

ఆ నాలుగో తరగతి టెన్షన్ తీరిందనుకుంటే ఐదు పూర్తికాకముందే ఈ కాగితం. మొదటి విదేశీ భాష ఇంగ్లీషు, ఐదు నుంచే ఉంది. ఆరులో రెండోది మొదలవ్వాలి. రెండు గడులు. ఫ్రెంచ్. లాటిన్. కింద తల్లిదండ్రుల సంతకం. ఈస్టర్ సెలవుల తర్వాత ఇచ్చెయ్యాలి. ఒకసారి టిక్కు పెట్టాక వెనక్కి తీసుకోవడం కుదరదని మాత్రం లావు అక్షరాల్లో వేశారు.

మా ఆయన ఇంజనీరు. ఏ సమస్య వచ్చినా ముందు పట్టిక గీస్తారు. ఆ రాత్రే గీశారు. ఫ్రెంచ్ వైపు మొదటి వాక్యం: రేపు మనం ఇండియా వెళ్ళిపోతే? హైదరాబాద్ స్కూళ్ళలో ఫ్రెంచ్ దొరుకుతుంది, లాటిన్ చెప్పేవాళ్ళని ఎక్కడ వెతుకుతాం? "వెళ్ళిపోతే" అనే ఆ మాట మా ఇంట్లో పన్నెండేళ్ళుగా ఉంది. సోఫా కొన్నప్పుడూ వచ్చింది, కారు కొన్నప్పుడూ వచ్చింది. నేను దాన్ని కొట్టేశాను. ఆయన మళ్ళీ రాశారు.

లాటిన్ వైపు మొదటి వాక్యం నేను రాయలేదు, మా తెలుగు స్నేహితుల బృందం రాసింది. "పాపని డాక్టర్ని చేద్దామనుకుంటే లాటిన్ తప్పదు." ఉగాది భోజనాల దగ్గర ముగ్గురు వేర్వేరుగా ఇదే చెప్పారు. పాపని డాక్టర్ని చేద్దామని మేమెప్పుడు అనుకున్నామో నాకు తెలీదు. అయినా లోపల ఒక పురుగు తొలిచింది. తర్వాతి వారం చిన్నదానికి టీకా వేయించడానికి వెళ్ళినప్పుడు పిల్లల డాక్టరమ్మనే అడిగేశాను. ఆవిడ నవ్వి, మెడిసిన్‌లో చేరడానికి లాటిన్ అవసరమే లేదు, మొదట్లో వైద్య పరిభాష మీద ఒక చిన్న కోర్సు ఉంటుంది, అది అందరూ చేయాల్సిందే, అంది. తనది ఫ్రెంచ్ అట. పాఠశాలలో లాటిన్ పదో తరగతి దాకా చదివి కనీసం 4 గ్రేడు నిలుపుకుంటే లాటీనుమ్ అనే అర్హత వస్తుంది. చరిత్ర, థియాలజీ, భాషలు బోధించే టీచరు చదువుల్లాంటివి కొన్ని దాన్ని అడుగుతాయి. మన పిల్లలు వెళ్ళే ఇంజనీరింగులకీ మెడిసిన్‌లకీ దానితో పని లేదు. అంత చిన్న సంగతి ముగ్గురు పెద్దమనుషుల్లో ఒక్కరూ కనుక్కోలేదు. నేను కూడా సంస్కృతంలో మార్కుల సంగతి ఎవరినీ కనుక్కోలేదనుకోండి, అది వేరే విషయం.

మార్చిలో స్కూల్లో తల్లిదండ్రుల సాయంత్రం పెట్టారు. ముందు ఫ్రెంచ్ టీచరు. ఆవిడ ఐదు నిమిషాలు ఒక్క జర్మన్ ముక్క లేకుండా మాట్లాడింది. బుట్టలోంచి ఆపిల్ తీసింది, రొట్టె తీసింది, ముందు వరసలో కూర్చున్న ఒక తండ్రి చేతిలో పెట్టి ఏదో అడిగింది. ఆయన ఎర్రబడిపోయి "వీ" (అవును) అన్నాడు. హాలంతా నవ్వు. పరీక్షల్లో ఒకటి రాసేది కాకుండా మాట్లాడేది ఉంటుందని, పెద్ద తరగతుల్లో ఫ్రాన్స్ వెళ్ళి అక్కడి కుటుంబంలో ఉండొచ్చని చెప్పింది.

లాటిన్ మాస్టారు ముసలాయన. ఆపిల్ లేదు, రొట్టె లేదు. బోర్డు మీద జర్మన్ మాటలు రాశాడు. కిటికీకి ఫెన్‌స్టర్, అది లాటిన్ ఫెనెస్త్రా. గోడకి మావర్, అది మూరుస్. చక్రవర్తికి కైజర్, అది సీజరే, ఆ పేరుని రోమన్లు కైసర్ అనే పలికేవారు. తర్వాత ఒక మాట చెప్పాడు. అది వినడానికే నేను ఆ రోజు వెళ్ళినట్టయింది. లాటిన్ క్లాసులో ఎవరూ లాటిన్ మాట్లాడరు. లాటిన్ వాక్యాన్ని విడగొట్టి చక్కటి జర్మన్‌లో పెట్టడమే పని. అందుకని ఇంట్లో జర్మన్ మాట్లాడని పిల్లలకి ఇది జర్మన్ వ్యాకరణానికి సానబెట్టినట్టుంటుంది, బెర్లిన్‌లో హుంబోల్ట్ విశ్వవిద్యాలయం వాళ్ళు దీని మీద పరిశోధన కూడా చేశారు, అన్నాడు. ఆ మాట అంటూ ఆయన మా వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి కొంచెం కష్టపడ్డాడనిపించింది. మా అమ్మాయి ఈ ఊళ్ళోనే పుట్టింది. అయినా నామవాచకం ముందు విభక్తిని బట్టి మారే "డేర్, డెన్, డెమ్"లలో తడబడుతుంది. నాకు మనసు లాటిన్ వైపు ఒరిగిపోయింది.

వారం తర్వాత పిల్లలకి రెండు భాషల్లోనూ ఒక్కో రుచి పాఠం చెప్పారు. లాటిన్ పాఠం నుంచి ఒక కాగితం తెచ్చింది. దాని మీద రెండు వాక్యాలు:

దొమినుస్ సెర్వుమ్ వొకత్.
సెర్వుమ్ దొమినుస్ వొకత్.

"క్లాసులో సగం మందికి రెండోది తప్పొచ్చిందమ్మా" అంది చెప్పులు విప్పుతూ. "బానిస యజమానిని పిలిచాడు అన్నారు. నాకు రైట్ వచ్చింది."

"ఎలా?"

"అక్కడ 'ని' ఉంది కదా."

నాకు ముందు అర్థం కాలేదు. ఏ 'ని'? అది విసుక్కుని వేలు పెట్టి చూపించింది. దొమినుస్ అంటే యజమాని. సెర్వుమ్‌లో ఆ చివరి 'ఉమ్' ఉందే, అదే 'ని'. బానిసని. యజమాని బానిసని పిలుస్తున్నాడు. బానిసని యజమాని పిలుస్తున్నాడు. ఎటు తిప్పినా పిలిచేది యజమానే. జర్మన్ పిల్లలు ముందొచ్చినవాడే పని చేసేవాడనుకున్నారు. వాళ్ళ భాషలోనూ ఇలా తిప్పి చెప్పొచ్చు గానీ అలవాటు తక్కువ. మా పిల్ల రోజూ "అన్నం నేను తినను", "నేను అన్నం తినను" అని రెండు రకాలుగానూ మారాం చేస్తుంది కాబట్టి దానికి ఇది వింతే కాలేదు.

ఆ రాత్రి నేను నిద్రపోలేదు. లైబ్రరీ నుంచి తెచ్చిన లాటిన్ మొదటి పుస్తకం తిరగేస్తూ కూర్చున్నాను. ఒక్కో పేజీకీ పూనకం పెరిగింది. క్రియ మామూలుగా వాక్యం చివర. మనలాగే. 'చూస్తున్నాను' అంటే 'విదెయో', 'నేను' అని వేరే చెప్పక్కర్లేదు, క్రియ తోకే చెబుతుంది. మనలాగే. 'డేర్, డీ, దస్'ల గొడవే లేదు. మనలాగే! ప్రశ్న అడగాలంటే మాట చివర 'నె' తగిలిస్తారు. విదేస్? చూస్తున్నావు. విదేస్‌నె? చూస్తున్నావా? మనం దీర్ఘం తీస్తాం, వాళ్ళు నె అంటారు, అంతే తేడా. రోమ్ వాళ్ళ జెండాల మీదా రాళ్ళ మీదా కనిపించే ఎస్‌పీక్యూఆర్ అనే నాలుగక్షరాల్లో 'సెనాతుస్ పొపులుస్‌క్వె' అన్నప్పుడు ఆ 'క్వె' ఉందే, 'సభా, ప్రజలూ' అన్నప్పుడు మనం సాగదీసే 'ఊ' లాంటిదే. ఇక మాటల దగ్గరికొస్తే నా 97 మార్కుల సంస్కృతం లేచి కూర్చుంది. అగ్నికి ఇగ్నిస్. దంతాలకి దెన్‌తెస్. నామానికి నోమెన్. సప్తకి సెప్తెమ్, దశకి దెకెమ్. సంస్కృతమూ లాటినూ ఒక కుదురువే, మన తెలుగు కుదురు వేరు, ఆ సంగతి తెలుసు. కానీ మాటలు పెద్దమ్మ ఇంటి నుంచీ, వాక్యం కట్టే పద్ధతి మా ఇంటి నుంచీ వచ్చినట్టు అనిపిస్తే ఎవరికి మాత్రం ముచ్చట వెయ్యదు?

శనివారం అందరినీ పోర్టా ప్రెటోరియా దగ్గరికి లాక్కెళ్ళాను. మా ఊళ్ళో రోమన్ల కోట ద్వారం అది, కెథడ్రల్‌కి ఒక వీధి అవతల. క్రీస్తుశకం 179లో మార్కస్ ఆరీలియస్ చక్రవర్తి కాలంలో డాన్యూబ్ ఒడ్డున సైన్యానికి కట్టిన కోట. ఊరికి వాళ్ళ పేరు కాస్త్రా రెగీనా. ఇప్పుడు ఆ రాళ్ళు ఒక పాత భవనం గోడలో కలిసిపోయి ఉన్నాయి. సున్నం వేసిన తెల్లగోడ మధ్య నుంచి నల్లటి బండలు బయటికి చూస్తుంటాయి. పన్నెండేళ్ళుగా దాని పక్కనుంచి కూరల సంచులతో నడిచాను, ఒక్కసారి ఆగలేదు. ఆ రోజు ఆగి, ఇక్కడి సైనికులు మాట్లాడిన భాష నువ్వు నేర్చుకోబోతున్నావు అని పెద్ద ప్రసంగం చేశాను. చిన్నది ఐస్‌క్రీం అడిగింది. పెద్దది రాయి మీద చెయ్యి పెట్టి, తీసి, "చల్లగా ఉంది" అంది.

మా ఆయన ఊరుకుంటారా? ఆదివారం ఒక పరిశోధన వ్యాసం పట్టుకొచ్చారు. లుడ్విగ్ హాగ్, ఎల్స్‌బెత్ స్టెర్న్ అనే ఇద్దరు 2003లో ప్రచురించినది. లాటిన్ చదివితే తర్వాత మిగతా భాషలు సులువవుతాయని అందరూ అంటారు కదా, అది చూద్దామని, స్కూల్లో లాటిన్ చదివినవాళ్ళనీ ఫ్రెంచ్ చదివినవాళ్ళనీ స్పానిష్ కోర్సు తర్వాత పోల్చారు. స్పానిష్‌లో తప్పులు తక్కువ చేసింది ఫ్రెంచ్ చదివినవాళ్ళు. లాటిన్ చదివితే బుర్ర పదునెక్కుతుందన్న దానికీ పెద్ద ఆధారం దొరకలేదని వాళ్ళే అంతకుముందు రాశారట. ఆయన ఆ కాగితాన్ని పట్టిక పక్కన పెట్టి టీ తాగడానికి వెళ్ళారు. గెలిచినవాడి నడక.

ఇక పిలవాల్సింది నాన్నగారినే. కాకినాడలో అప్పుడు రాత్రి తొమ్మిది. వీడియోలో ఆయన నుదురు మాత్రమే కనిపిస్తోంది. విషయం చెప్పాను. లాటిన్ విభక్తుల గురించి ఊగిపోతూ చెబితే ఊఁ కొడుతూ విన్నారు. ఫ్రెంచ్ అనగానే మాత్రం నుదురు కదిలింది. "యానాం మనకి ముప్ఫై కిలోమీటర్లే కదమ్మా. 1954 దాకా అది ఫ్రెంచి వాళ్ళదే. నాకప్పటికి రెండేళ్ళు. నా చిన్నప్పుడు కూడా అక్కడ ముసలివాళ్ళు కొందరు ఫ్రెంచి మాట్లాడేవారు. తెలుగు యాసలో." శారదా చట్టం వచ్చాక ఇటువైపు వాళ్ళు బాల్యవివాహాలు చెయ్యడానికి యానాం పరిగెత్తేవాళ్ళని, అందుకే దాన్ని కల్యాణపురం అనేవాళ్ళని కూడా చెప్పారు. మా బామ్మ పెళ్ళి అక్కడే జరిగిందేమో అని నాకు అనుమానం వచ్చింది గానీ అడగలేదు. చివరికి ఆయనన్నది ఒకటే. "దాన్ని అడిగారా?"

అడగలేదు. నిజంగానే అడగలేదు. రుచి పాఠాలు ఎలా ఉన్నాయని అడిగాం, లాటిన్‌లో తప్పు రాలేదంటే మురిసిపోయాం. ఫ్రెంచ్ పాఠంలో ఏం జరిగిందో నేను కనుక్కోనే లేదు.

పిల్లని పిలిచి కూర్చోబెట్టాం. మా మొహాలు చూసి ఏదో తప్పు చేసిందనుకుంది. నీకేది కావాలి అన్నాను. "ఫ్రెంచ్" అంది వెంటనే. నాకు గొంతు కింద ఏదో జారింది. నీ స్నేహితురాలు ఫ్రెంచ్ తీసుకుంటోందనా అన్నాను. స్నేహితుల్ని చూసి ఎంచుకోవద్దని స్కూలు వాళ్ళు మూడుసార్లు చెప్పారు. "తను లాటిన్ తీసుకుంటోందమ్మా" అంది. మరెందుకు?

కాసేపు టేబుల్‌క్లాత్ అంచు మడిచింది. అది జర్మన్‌లో మొదలుపెట్టి తెలుగులోకి దిగి మళ్ళీ జర్మన్‌లోకి వెళ్ళి చెప్పినదాన్ని నేను ఒక దారిలో పెట్టి రాస్తున్నాను. తెలుగు నీతో మాట్లాడితే వచ్చింది. జర్మన్ కిండర్‌గార్టెన్‌లో మాట్లాడితే వచ్చింది. ఇంగ్లీషు హైదరాబాద్ వెళ్ళినప్పుడు బావతో మాట్లాడితే వచ్చింది, స్కూల్లో కాదు. నాకు ఏదీ పుస్తకంలోంచి రాలేదు. లాటిన్ నేర్చుకుంటే ఎవరితో మాట్లాడాలి? ఆ వాక్యం నాకు ముందే అర్థమైపోయింది కదా.

"లాటిన్ నీకంత ఇష్టమైతే నువ్వు నేర్చుకోమ్మా" అంది లేస్తూ. వెటకారంగా కాదు, నిజంగానే సలహా ఇస్తున్నట్టు.

ఆ రాత్రి కూడా నేను ఒప్పుకోలేదు. జర్మన్ గ్రేడ్ల సంగతేమిటి, ఆ సానబెట్టడం సంగతేమిటి అని మా ఆయనతో వాదించాను. ఆయన పట్టిక తీశారు. అందులో ఆయన చేతిరాతలో కొత్త వరస ఒకటుంది: "తనకి ఇష్టం." దాని ఎదురుగా రెండు గడుల్లోనూ ఏమీ రాయలేదు, ముందు అడగకపోయాం కాబట్టి. ఆయనకీ సిగ్గేసిందేమో, దాన్ని చాలా చిన్న అక్షరాలతో రాశారు. పొద్దున్నే లేచి టిక్కు పెట్టి, ఇద్దరం సంతకం చేసి, పిల్ల బ్యాగులో పెట్టాను. సంతకం చేస్తుంటే ఆ గుమస్తా గుర్తొచ్చాడు. పాపం ఆయన తప్పేముంది, రోజుకి నాలుగొందల అప్లికేషన్లు.

ఇప్పుడది ఆరో తరగతి. ఫ్రెంచ్ మనల్ని తీపి మాటలతో పిలిచి తర్వాత చెవి మెలేస్తుందని తెలిసింది. మొదటి పెద్ద పరీక్షలో 4. అక్షరాల నెత్తిన పెట్టే గీతలు సగం మర్చిపోయింది, మిగతా సగం ఎడమ వాటిని కుడికి వంచింది. నేను ఏమీ అనలేదు. అనలేదంటే, ఒక పూట అనలేదు. మాట్లాడే పరీక్షలో 2 తెచ్చుకుంది. లెక్కపెట్టడం నేర్చుకుని వచ్చిన రోజు 97ని ఫ్రెంచ్‌లో ఏమంటారో చెప్పింది: నాలుగు ఇరవైలూ పదీ ఏడు. నా సంస్కృతం మార్కులు చెప్పడానికి వాళ్ళకి ఇంత తతంగం కావాలి.

సాయంత్రాలు మాటలు అప్పజెప్పించుకోవడం నా డ్యూటీ. ఒకరోజు 'వాళ్ళు మాట్లాడతారు' అన్నది చదవమంది. చూసి, ఉన్నదున్నట్టు "ఇల్స్ పార్లెంత్" అన్నాను. అది పడీ పడీ నవ్వింది. "ఈల్ పార్ల్, అంతే. చివరి మూడక్షరాలు పలక్కూడదు."

"పలకనప్పుడు రాయడం దేనికే?" నాకు నిజంగానే ఒళ్ళు మండింది. ఏది రాస్తే అది చదివే భాషలో పుట్టినదాన్ని.

పక్కన ఫోన్‌లో నాన్నగారు లైన్లోనే ఉన్నారు, మేం మర్చిపోయాం. "మన అరసున్న దేనికి రాశామమ్మా మరి?" అన్నారు. లేచి వెళ్ళి కాగితం మీద స్కెచ్‌పెన్‌తో పెద్దగా 'వాఁడు' అని రాసి కెమెరాకి చూపించారు. పిల్లకి తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటే వస్తాయి.

"ఆ సగం చందమామ ఏంటి తాతయ్యా?"

"ఒకప్పుడు అక్కడ ముక్కుతో పలికేవారు. పలకడం ఏనాడో పోయింది. మేం రాస్తూనే ఉన్నాం, తప్పు పోతే మార్కులు తీసేవాళ్ళం కూడా."

అది కాసేపు ఆ సగం చందమామని చూసింది. ముక్కు రెండు వేళ్ళతో పట్టుకుని, వదిలి, ఫ్రెంచ్‌లో 'బోఁ' అన్నట్టే "వాఁడు" అంది. నాన్నగారు మళ్ళీ అనమన్నారు. మళ్ళీ అంది.

"ముప్ఫై ఆరేళ్ళు బోర్డు మీద రాశాను" అన్నారాయన, కళ్ళజోడు తీస్తూ. "పలికిన పిల్ల ఇదే."